మారథాను విజేత మిల్టియాడీసు

పాఠశాలలలో క్రీడోత్సవములు జరుగునపుడు మిక్కిలి దూరపు పరుగుపందెమునకు మారథాను అను పేరు వాడుకలో నున్నది. ఆ పేరు పలుకు బాలురలో ననేకులు అది యొక పరుగు పేరనియే తలంతురు. నిజమునకది గ్రీసుదేశమున ఏథెన్సు నగరమునకు ఈశాన్యముగా సుమారు 25 మైళ్ల దూరమున సముద్రతీరమందున్న యొక మైదానము పేరు. క్రీ. పూ. 490 వ సంవత్సరమున ఏథెన్సువారు తమకంటె నెంతయో బలవంతులగు పారసీకులను అచ్చట నోడించిరి. ఆ విజయమునకు ముఖ్యకారకుడని ప్రఖ్యాతి గాంచినవాడు మిల్టియాడీసు. ఇంతవరకు మన విద్యార్థులు చరిత్రపాఠములలో చదివియే యుందురు. కాని ఆ విజయము కలిగిన మరుసటి సంవత్సరమే ఆ పురజనులే ఆతనిని సభ యెదుట నిలువబెట్టి, ప్రజలను మోసపుచ్చి యుద్ధయాత్రకు దింపెనను నేరము మోపి, మరణదండన విధింపవలయునని వాదించి, తుదకు గొప్ప ధనదండము విధించిరను సంగతి పుస్తకములలో తరచుగా నొక్క వాక్యముతో ముగియుచుండును. ఆ యొక్క వాక్యమును గొంచెము విప్పి చెప్పదలచి మేమీ చరిత్రము వ్రాయుచున్నాము.

రాజ్యమేలువారు యుద్ధవిషయమున ప్రజలకు నిజము దాచి గాని, అబద్ధము చెప్పి గాని, వారి ధనమును వారి బిడ్డలను రణభూమికి పంపినచో, ఆ సంగతి బయటపడిన పిదప అట్టివారిని శిక్షింపవలయునా యను ప్రశ్న ప్రతి యుగమునందును బుట్టుచునే యున్నది. పెక్కు దేశములలో నది ప్రశ్నగానే నిలిచిపోయినది. ఏథెన్సువారు మాత్రము ఒకమారు దానికి ఉత్తరము చెప్పిరి. ఆ యుత్తరము సరియైనదా కాదా యని నిర్ణయించుటకు ఆ పురుషుని చరిత్రమును మొదటినుండి చూడవలయును. ఏలయన ఒకటి చెప్పి మఱియొకటి చేయుట యనునది ఆతని జీవితమున చివరి సంవత్సరమునందు క్రొత్తగా వచ్చినది కాదు.

మిల్టియాడీసు క్రీ. పూ. 6 వ శతాబ్ది మధ్యభాగమున ఏథెన్సులో నొక గొప్ప వంశమున జనించెను. తండ్రి పేరు కైమోను. ఈతడు ఒలింపియా క్రీడలలో నాలుగు గుఱ్ఱముల రథపందెమునందు మూడుమారులు అవే గుఱ్ఱములతో గెలుపొందెను. ఆ కాలమున ఏథెన్సు పిసిస్ట్రాటసు అను నిరంకుశప్రభువు చేతిలో నుండెను. కైమోను దేశమునుండి వెడలగొట్టబడినవాడు. రెండవమారు గెలిచినపుడు ఆతడు ఆ గెలుపును తన పేర గాక పిసిస్ట్రాటసు పేర చాటింపించి, ఆ యుపకారమునకు బదులుగా స్వదేశమునకు మరలివచ్చుటకు సెలవు సంపాదించెను. పిసిస్ట్రాటసు మరణించిన పిదప ఆతని కుమారులు రాత్రివేళ మనుష్యులను పొంచియుండబెట్టి కైమోనును చంపించిరి. మూడు పందెములు గెలిచిన ఆ గుఱ్ఱములను ఆతని సమాధికి ఎదురుగా పాతిపెట్టిరి. తండ్రిని చంపించినవారే తమకేమియు తెలియనట్లు కొడుకును ఆదరించుచు వచ్చిరి. క్రీ. పూ. 524 ప్రాంతమున మిల్టియాడీసు ఆర్కను అను సంవత్సరాధికారిపదవిని పొందెను.

అప్పటికి ఆతని తండ్రికి సోదరుని వరుసవాడును తన పేరే గలవాడును నగు పెద్ద మిల్టియాడీసు, కెర్సొనీసు అను ద్వీపకల్పమున రాజ్యము స్థాపించి యుండెను. అదియే నేడు టర్కీదేశమున జేరిన గల్లిపోలి. 1915 లో మొదటి ప్రపంచయుద్ధకాలమున హిందూదేశపు సైనికులును పోరాడిన చోటగుటచేత ఆ పేరు మన చదువరులకు క్రొత్త గాదు. నల్లసముద్రమునుండి గ్రీసునకు ధాన్యము తెచ్చు ఓడలన్నియు దాని ప్రక్కనున్న యిరుకుజలసంధి గుండ రావలయును గనుక ఆ చోటు చేతిలో నున్నవారికి గొప్ప పలుకుబడి యుండెను. పెద్దవాని తరువాత ఆ రాజ్యము మన మిల్టియాడీసునకు అన్నయగు స్టెసాగొరసునకు వచ్చెను. అతడు శత్రువు గొడ్డటిదెబ్బచే చనిపోగా, పిసిస్ట్రాటసు కుమారులు తమ్ముని నొక యుద్ధనౌక నెక్కించి అచ్చటికి పంపిరి. ఇది క్రీ. పూ. 516 ప్రాంతపు మాట.

అచ్చటికి పోయిన పిదప మిల్టియాడీసు ఇల్లు వెడలి వచ్చుట మానెను. అన్నకొఱకు దుఃఖించుచున్నాడని అందఱును దలంచిరి. ఆ ద్వీపకల్పమందలి పట్టణములనుండి ముఖ్యులందఱు జేరి పరామర్శించుటకై ఒక్కుమ్మడిగా వచ్చిరి. ఆతడు వారిని బంధించి, 500 మంది జీతపు సైనికులను చేర్చుకొని, ఆ దేశమునకు ప్రభువయ్యెను. తరువాత థ్రేసు రాజగు ఒలోరసు కుమార్తె హెగెసిపైలీని వివాహమాడెను. పరామర్శకు వచ్చినవారిని పట్టి కట్టుట మన దేశమున నెంత నీచమో చెప్పనక్కఱలేదు, గ్రీసులోను అంతే. అయినను ఆ సంగతి యేథెన్సునకు చేరినప్పుడు ఎవరును నొచ్చుకొన్నట్లు కనబడదు. మోసపోయినవారు పరదేశులు, లాభము పొందినవాడు తమవాడు.

కొన్ని సంవత్సరములకు పారసీక చక్రవర్తి డరయసు డాన్యూబునదిపై పడవలవంతెన కట్టించి సిథియనులపై దండెత్తెను. ఆ వంతెనను కాపాడు పనికి తనకు లోబడిన గ్రీకు ప్రభువులను నియమించెను. వారిలో మిల్టియాడీసు నొకడు. చక్రవర్తి చిక్కులలో బడినపుడు సిథియనులు వచ్చి, వంతెన విఱిచివేసినచో మీకును మాకును స్వాతంత్ర్యము కలుగునని ఆ గ్రీకులను ప్రేరేపించిరి. మిల్టియాడీసు అట్లే చేయుదమనెనట. మైలీటసు ప్రభువగు హిస్టియాయసు మాత్రము, డరయసు నశించినచో తమ తమ పట్టణములలో ప్రజలు తమను నిలువనీయరని చెప్పి మిగిలినవారిని త్రిప్పివేసెను. వంతెన నిలిచెను; డరయసు బ్రతికిపోయెను. ఈ కథ హెరొడోటసు వ్రాసినది. మిల్టియాడీసు నిజముగా నట్లు పలికెనా, లేక యేథెన్సునకు వచ్చిన పిదప తనకు మంచిపేరు కలుగుటకై ఆ కథను ప్రచారము చేసికొనెనా యని యిప్పటి చరిత్రకారులలో గొందఱు సందేహించుచున్నారు. వంతెన విఱుగగొట్టుమన్నవాడు ఆ తరువాతను పెక్కేండ్లు పారసీకుల యెదుట తన రాజ్యమును నిలుపుకొనుట వింతయే గనుక ఆ సందేహము నిరాధారము కాదని మాకును తోచుచున్నది.

లెమ్నోసు ద్వీపమును గెలిచిన విధము మఱింత చమత్కారమైనది. ఆ ద్వీపవాసులు పూర్వమెన్నడో ఏథెన్సువారికి బాకీపడియుండి, మీ దేశమునుండి ఉత్తరపు గాలితో ఒక్క దినమున మా దేశమునకు ఓడ వచ్చినచో ద్వీపమును మీకప్పగింతుమని పరిహాసముగా మాట యిచ్చిరట. ఏథెన్సు లెమ్నోసునకు దక్షిణదిక్కున నున్నది గనుక అది జరుగని పని. మిల్టియాడీసు తన కెర్సొనీసునుండి ఉత్తరపు గాలిలో ఓడ నడిపించి ఒక్క దినమున లెమ్నోసు చేరి, కెర్సొనీసు ఏథెన్సువారిదే గనుక మాట చెల్లింపవలయునని పట్టుబట్టెను. ఒక పట్టణము లోబడెను. రెండవదానిని ముట్టడించి గైకొనెను. ఈ పనికి ఏథెన్సులో నెంతో మెప్పు వచ్చెను.

క్రీ. పూ. 499 లో ఆసియామైనరునందలి గ్రీకులు డరయసుపై తిరుగబడి 493 నాటికి పూర్తిగా నోడిపోయిరి. పారసీకుల పక్షముననున్న ఫినీషియనుల నౌకాదళము జలసంధివైపు వచ్చుచున్నదని విని, మిల్టియాడీసు ఐదు ఓడలలో తన సొత్తునంతను నింపుకొని ఏథెన్సునకు పరుగెత్తెను. నాలుగు ఓడలు తప్పించుకొనెను. ఐదవ యోడ శత్రువులకు చిక్కెను. దానిలో నున్నవాడు ఆతని పెద్దకుమారుడు మెటియోకసు. ఫినీషియనులు ఆ బాలుని డరయసునొద్దకు కొనిపోయి గొప్ప బహుమానమును నిరీక్షించిరి. డరయసు ఆతనికి ఏ కీడును చేయక, ఇల్లు వాకిలి యిచ్చి, పారసీక కన్యను పెండ్లి చేసెను. ఆతని బిడ్డలు పారసీకులుగానే పెరిగిరి. తండ్రి ఆ కుమారుని మఱల జూచినట్లు ఎచ్చటను వ్రాయబడలేదు.

ఏథెన్సులో నప్పటికి నిరంకుశప్రభువులు పోయి ప్రజాప్రభుత్వము వచ్చియుండెను. మిల్టియాడీసు అడుగుపెట్టగానే ఆతని విరోధులు కెర్సొనీసులో నిరంకుశముగా రాజ్యమేలెనని నేరము మోపిరి. ఆతడు నిర్దోషిగా విడువబడెను. అంతియేకాదు, ప్రజలు ఆతనిని తమ పదుగురు సేనానులలో నొకనిగా నెన్నుకొనిరి. పారసీకుల యుద్ధరీతి నెఱిగినవాడు నగరమున నాతనివంటివాడు మఱియొకడు లేడు. పారసీకులు రానున్నారని అందఱికిని దెలియును.

క్రీ. పూ. 490 లో వారు వచ్చిరి. దాటిసు, అర్టఫెర్నీసు అనువారు నాయకులు. హెరొడోటసు చెప్పు లెక్కప్రకారము 600 యుద్ధనౌకలు. దారిలో నక్సోసు ద్వీపమును తగులబెట్టి, యెరెట్రియా పట్టణమును నాశనముచేసి, మారథానులో దిగిరి. ఏథెన్సునుండి వెడలగొట్టబడిన ముదుసలి ప్రభువు, పిసిస్ట్రాటసు కుమారుడగు హిప్పియాసు, వారికి దారి చూపుచు వచ్చెను. ఏథెన్సువారు ఫిలిప్పిడీసు అను పరుగువానిని స్పార్టాకు సాయమునకై పంపిరి. స్పార్టావారు పున్నమి గడచినగాని తమ యాచారప్రకారము యుద్ధమునకు వెడలరాదనిరి. ప్లటీయా యను చిన్న పట్టణమువారు మాత్రము తమ బలమునంతయు దెచ్చి ప్రక్కను నిలిచిరి.

పదుగురు సేనానులలో నైదుగురు యుద్ధము వలదనిరి; ఐదుగురు చేయుదమనిరి. నిర్ణయము పోలిమార్కు అను నధికారియగు కల్లిమాకసు చేతిలో బడెను. మిల్టియాడీసు ఆతనియొద్దకు పోయి, యుద్ధము చేయకున్నచో నగరములో నంతఃకలహము పుట్టి ప్రజలు పారసీకులకు లోబడుదురనియు, వెంటనే పోరాడినచో జయము కలుగవచ్చుననియు విన్నవించెను. ఇచ్చట ఆతడు దాచినది యేదియు లేదు. శత్రువుల బలమును, తమ బలహీనతను, తమలోని యనైక్యమును ఉన్నదున్నట్లు చెప్పి యడిగెను. కల్లిమాకసు ఆతనికే సమ్మతి నిచ్చెను. సేనానులు వంతులవారీగా దినమున కొకరు ఆధిపత్యము వహించుచుండగా, యుద్ధము కోరినవారందఱు తమ దినములను మిల్టియాడీసునకే విడిచిపెట్టిరి. అయినను ఆతడు తన వంతు దినము వచ్చువరకు ఆగెను.

ఆ దినమున గ్రీకులు శత్రుపంక్తితో సమానముగా తమ పంక్తిని చాచుటకై నడుమభాగమును పలుచగాను, రెండు ప్రక్కలను దట్టముగాను నిలిపిరి. సుమారు ఒక మైలు దూరము పరుగున పోయి శత్రువులపై బడిరి. అశ్వములు గాని విలుకాండ్రు గాని లేని కొలదిమంది అట్లు పరుగెత్తివచ్చుట చూచి పారసీకులు వీరికి మతి చలించినదని తలంచిరట. నడుమ గ్రీకులు ఓడిరి. రెండు ప్రక్కలను గెలిచిరి. గెలిచినవారు పాఱిపోవువారిని తఱుమక రెండు వైపులనుండి నడిమి శత్రువులపైకి మరలిరి. పోరు ఓడలవరకు సాగెను. కల్లిమాకసు అచ్చటనే పడెను. నాటకకర్తయగు ఎస్కిలసుని సోదరుడు సైనెగైరసు ఓడను చేతితో పట్టుకొనగా గొడ్డటితో ఆ చేయి నఱుకబడి మరణించెను. ఏడు ఓడలు చిక్కెను. పారసీకులలో 6,400 మందియు, ఏథెన్సువారిలో 192 మందియు చనిపోయిరని హెరొడోటసు లెక్క. శత్రునౌకలు చుట్టుదారిని నగరముమీదికి పోవుట చూచి, అలసిన సైన్యము కాలినడకను వారికంటె ముందుగా నగరము చేరి నిలువగా, పారసీకులు దిగుటకు సాహసింపక ఆసియాకు మరలిపోయిరి.

యుద్ధభూమినుండి యేథెన్సునకు పరుగెత్తివచ్చి విజయవార్త చెప్పి ప్రాణము విడిచిన వాని కథ బాలురకెంతో ప్రియమైనది. 1896 లో నూతన ఒలింపిక్ క్రీడలలో మొదలైన పరుగు ఆ కథనుండియే పుట్టినది. హెరొడోటసు గ్రంథమున నది లేదు. అది శతాబ్దముల తరువాతి రచయితల మాట.

ఇక కీర్తిమాట. నగరమందలి చిత్రమంటపమున మారథాను యుద్ధము చిత్రింపబడెను. ఏథెన్సువారు మిల్టియాడీసు బొమ్మను అందఱికంటె ముందు నిలిపిరి గాని పేరు మాత్రము వ్రాయనీయలేదని తరువాతి వాగ్మి ఎస్కినీసు చెప్పియున్నాడు. ఆ విజయము నగరమంతటిది, ఒక్కనిది గాదని వారి యభిప్రాయము. అట్లు జాగ్రత్తపడిన ఆ జనులే కొలది మాసములలో ఆ యొక్కని మాటమీద నెంత గ్రుడ్డిగా నమ్మకముంచిరో చూడుడు.

మిల్టియాడీసు ప్రజాసభ యెదుటికి వచ్చి 70 ఓడలను, సైన్యమును, ధనమును అడిగెను. ఏ దేశముపైకి పోవుచున్నాడో చెప్పలేదు. తన వెంట వచ్చినచో బంగారము సులభముగా దొరకు దేశమునకు గొనిపోయి అందఱిని ధనవంతులను చేయుదునని మాత్రము చెప్పెను. సభవారు ఎక్కడికని యడుగలేదు. ఎవరిపై యుద్ధమనియు, ఆ దేశమువారు చేసిన తప్పేమనియు అడుగలేదు. ఓడల నిచ్చిరి. ఒక ప్రజాప్రభుత్వము పేరులేని యుద్ధమునకు సమ్మతి నిచ్చిన యుదాహరణము చరిత్రలో నింత స్పష్టముగా మఱియొకటి మాకు గనబడలేదు.

ఓడలు పారోసు ద్వీపమునకు పోయెను. మేలైన తెల్లని చలువఱాతికి అది ప్రసిద్ధి. పారోసువారు పారసీకులతో జేరి మారథానునకు ఒక యోడను పంపిరి గనుక వారిని శిక్షింప వచ్చితిమని మిల్టియాడీసు చెప్పెను. పొరుగున నక్సోసు తగులబడిన కొలది దినములకే ఆ ద్వీపవాసులు పారసీకులకు ఎదురాడలేక ఒక యోడ నిచ్చిరనుటలో ఆశ్చర్యము లేదు. హెరొడోటసు మాత్రము అదియొక నెపమే యనియు, నిజమైన కారణము వేఱనియు వ్రాసినాడు. పారోసువాడగు లైసాగొరసు అనునాతడు పూర్వము హైడర్నీసు అను పారసీకునితో మిల్టియాడీసునుగూర్చి కొండెములు చెప్పెనట. ఆ పగ దీర్చుకొనుటకే యీ దండయాత్రయట. ఇది నిజమేని, ఒక మనుష్యుని సొంతపగకు నగరపు నౌకాదళమంతయు పనిముట్టయినది.

మిల్టియాడీసు 100 టాలెంటుల ధనమడిగి, ఇయ్యకున్న ముట్టడి విడువననెను. పారోసువారు ఇచ్చు మాట తలపెట్టనైన లేదు. గోడలో బలహీనముగా నున్న చోట్ల రాత్రికి రాత్రి రెండింతల యెత్తు లేపిరి. ముట్టడి 26 దినములు సాగెను. ఆ తరువాతి కథను పారోసువారే చెప్పిరని హెరొడోటసు వ్రాయుచున్నాడు. టైమో అను నామె, అచ్చటి దేవాలయమున చిన్న పూజారిణి, చెఱబడి మిల్టియాడీసునొద్దకు వచ్చి ద్వీపము చిక్కు నుపాయమొకటి చెప్పెను. ఆతడామె మాటను బట్టి నగరము వెలుపలి గుట్టమీదనున్న డెమీటరు దేవత గుడికి పోయి, తలుపు తెఱవరాక ప్రహరి దూకి లోపల బ్రవేశించెను. గర్భగృహద్వారము చేరునప్పటికి గగుర్పాటు కలిగి వెనుకకు పరుగెత్తి మఱల గోడ దూకుచుండగా తొడ బెణికెను. మోకాలికి దెబ్బ తగిలెనని మఱికొందఱందురు. ద్వీపమును పాడుచేయుట తప్ప వేఱేమియు సాధింపక, బంగారము లేక, గాయముతో ఇంటిదారి పట్టెను. పారోసువారు టైమోను శిక్షింపవచ్చునా యని డెల్ఫీ దైవస్థానము నడిగించిరి. శిక్షింపవలదని యుత్తరము వచ్చెను.

ఏథెన్సులో నింతట కోపము రగిలెను. జాంథిప్పసు అను ప్రముఖుడు ముందునకు వచ్చి, ప్రజలను మోసగించినందుకు మిల్టియాడీసునకు మరణశిక్ష విధింపవలయునని వాదించెను. ఈతడు తరువాతి కాలమున జగద్విఖ్యాతుడైన పెరిక్లీసునకు తండ్రి. మిల్టియాడీసు వంశమునకును జాంథిప్పసు భార్య పుట్టిన వంశమునకును చాలకాలమునుండి స్పర్ధ యుండెను. కావున ఫిర్యాదుచేసినవాని మనస్సు కేవలము ధర్మచింతతోనే నిండియుండెనని మేము చెప్పజాలము. అయినను విరోధి మోపినంతమాత్రమున నేరము అబద్ధము గాదు.

మారథాను వీరుడు తన పక్షమున తాను మాటలాడలేకపోయెను. తొడ కుళ్లుచుండగా నొక మంచముమీద పరుండబెట్టి ఆతనిని సభకు తెచ్చిరి. స్నేహితులు లేచి మారథానును జ్ఞాపకముచేసిరి. లెమ్నోసును నగరమునకు సంపాదించి యిచ్చిన సంగతి చెప్పిరి. వారు చెప్పినవన్నియు సత్యములే. కాని పారోసు మాట యేమని యడిగినవారికి అవి యుత్తరములు గావు. ప్రజలు మరణశిక్షను త్రోసివేసి 50 టాలెంటుల దండుగ విధించిరి. టాలెంటు సుమారు 26 కిలోగ్రాముల వెండి గనుక ఇది 1,300 కిలోగ్రాముల వెండికి సమానము. నౌకాదళమునకైన ఖర్చు అంతే గనుక ఆ మొత్తము విధించిరని రోమకు రచయిత నెపోసు వ్రాసినాడు. చెల్లించుటకు మునుపే గాయము విషమించి మిల్టియాడీసు క్రీ. పూ. 489 లో మరణించెను. ఆతడు చెఱసాలలో చనిపోయెనని నెపోసు చెప్పును. హెరొడోటసు ఆ మాట చెప్పలేదు. దండుగను కుమారుడు కైమోను చెల్లించెను. కైమోను చెల్లెలిని వివాహమాడిన కల్లియాసు అను ధనికుడు చెల్లించెనని మఱియొక కథ గలదు.

ఈ తీర్పునుగూర్చి పూర్వులలోనే రెండభిప్రాయములు గలవు. రక్షించినవానిని చంపిన కృతఘ్నత యని కొందఱు. ఎంతవాడైనను ప్రజలకు లెక్క చెప్పవలసినవాడే యని కొందఱు. మేము రెండవవారితో నేకీభవింతుము. మారథానులో చేసిన మేలు పారోసు లెక్కలో జమ కట్టదగినది గాదు. తాను మోసముచేసి పెట్టించిన ఖర్చును తానే యిచ్చుకొనుమనుట క్రూరమనియు మేమనజాలము. మరణశిక్ష వేయకుండుట మంచిపని.

అయినను ఒక ప్రశ్న మమ్ము విడువదు. పారోసువారు ఆ 100 టాలెంటులు ఇచ్చియుండినచో నేమి జరిగియుండును? మిల్టియాడీసు అబద్ధమాడియుండకపోవునా? దాచినది దాచినదే, పగ పగయే. కాని జాంథిప్పసు లేచియుండునా? లేచినను ఎవరైన వినియుందురా? కెర్సొనీసు పెద్దలను వంచించినపుడును, లెమ్నోసును మాటగారడితో గైకొన్నపుడును ఎవరును విచారణ జరుపలేదు. పైగా రెండవదానిని స్నేహితులు సభలో సుగుణముగా నెన్నిరి. కావున ఏథెన్సువారు నేరమునకు మోసమను పేరు పెట్టిరి గాని శిక్షించినది ఓటమినే యని మాకు దోచుచున్నది.

దీనికి సాక్ష్యము జాంథిప్పసు ఇంటిలోనే దొరకును. క్రీ. పూ. 431 లో స్పార్టాతో మహాయుద్ధము మొదలైనపుడు ఆతని కుమారుడు పెరిక్లీసు ఏథెన్సును నడిపించుచుండెను. పొలములు పోవునని, ప్రజలు గోడలలోపల నుండవలయునని, ఓపిక కావలయునని, ధనమింత యున్నదని, ఓడలిన్ని యున్నవని ముందుగనే సభలో విప్పి చెప్పినవాడు పెరిక్లీసు. మరుసటి యేట మహామారి వచ్చి వేలకొలది జనులు చచ్చిరి. ప్రజలు కోపించి పెరిక్లీసునకును దండుగ విధించిరి. కొలదికాలమునకే మఱల నాయకునిగా నెన్నుకొనిరి. నిజము దాచినవానికిని దండుగయే, నిజము చెప్పినవానికిని దండుగయే. అట్టి చోట నాయకునికి నిజము చెప్పుటవలన లాభమేమి?

క్రీ. పూ. 413 లో సిసిలీ దండయాత్ర సర్వనాశనముతో ముగిసినపుడు, ఆ యాత్రను బోధించిన వక్తలపై ఏథెన్సువారు మండిపడిరి. తామే చేయియెత్తి సమ్మతి నిచ్చిన సంగతి మఱచిరని థుసిడిడీసు వ్రాసినాడు. క్రీ. పూ. 406 లో ఒక నౌకాయుద్ధము గెలిచియు మునిగినవారిని రక్షింపలేదని తమ సేనానులలో ఆర్గురిని చంపించి, వెంటనే పశ్చాత్తాపపడి, తమ్ము మోసగించి అట్లు చేయించినవారిని విచారణకు పిలిచిరి. ప్రజలకు వాగ్దానముచేసి మోసగించినవానిని విచారింపవలయునను ప్రాచీనశాసనము తమకు గలదని డెమొస్తనీసు తన వాదములో చెప్పియున్నాడు. ఆ శాసనము మంచిది. అది లేనిచో నాయకునికి భయముండదు. కాని మోసపోవుటకు తొందరపడినవారే న్యాయాధిపతులై కూర్చున్నపుడు ఆ శాసనము సగము పనియే చేయగలదు. 70 ఓడలు రేవు విడుచునప్పటికి ముందు, సభలో నొక సామాన్యుడు లేచి, అయ్యా, ఏ దేశమునకు, ఎందులకు అని యడిగియున్నచో, ఆ తరువాత విచారణయే యక్కఱలేకపోయెడిది. ఆ దినమున జాంథిప్పసును సభలోనే యుండి యుండవచ్చును.

ఇంకొక సంగతి చెప్పక మానలేము. ఆ విచారణలో ఏథెన్సువారి ధనము లెక్కకు వచ్చెను. వారి యాశాభంగము లెక్కకు వచ్చెను. 26 దినములు ముట్టడిలో నుండి, పొలములు పాడైపోయిన పారోసు రైతుల మాట వచ్చినట్లు ఏ గ్రంథమునను లేదు. 50 టాలెంటులలో నొక్కటియైన ఆ ద్వీపమునకు పోలేదు.

జాంథిప్పసు కథయు సుఖముగా సాగలేదు. ఐదేండ్లకు, క్రీ. పూ. 484 లో, ఏథెన్సువారు ఆతనిని పెంకులపై పేరు వ్రాసి దేశమునుండి వెడలగొట్టిరి. పారసీకులు మఱల వచ్చినపుడు పిలిపించుకొనగా 479 లో మైకేలు యుద్ధమున నౌకాదళమును నడిపి గెలిచెను. మిల్టియాడీసు కుమారుడు కైమోను తండ్రికంటె గొప్ప సేనానియై పారసీకులను సముద్రమునుండి తఱిమెను. తుదకు ఆతడును దేశమునుండి వెడలగొట్టబడెను.

మారథాను మైదానమున 192 మంది వీరులపై పోసిన మట్టిదిబ్బ నేటికిని సుమారు 30 అడుగుల యెత్తున నిలిచియున్నది. క్రీ. శ. 2 వ శతాబ్దిలో పౌసానియాసు అను యాత్రికుడు ఆ చోటు జూచినపుడు, దానికి వేఱుగా మిల్టియాడీసునకు ఒక స్మారకచిహ్నము నుండెను. ఆతడు చనిపోయినది ఇచ్చట గాదు, పారోసులో విఫలుడై విచారణకు పాత్రుడైన పిదపనని ఆ యాత్రికుడు జ్ఞాపకముచేసి మఱి వ్రాసినాడు. ఒలింపియా వస్తుప్రదర్శనశాలలో, త్రవ్వకములందు దొరకిన యొక కంచు శిరస్త్రాణము గలదు. మిల్టియాడీసు దానిని జ్యూసు దేవునకు సమర్పించినట్లు అంచున చిన్న యక్షరములు చెక్కబడియున్నవి. ఆ యక్షరములలో ఆతని పేరును దేవుని పేరును గలవు. మారథాను పేరు లేదు, పారోసు పేరును లేదు.